ఎనిమిదేళ్ళు డ్యూటీ చేసిన పోలీసు కుక్కను ఇంటికి తెచ్చుకుంటున్నాం, హ్యాండ్లర్ మాత్రం ఇంట్లో ఉండరు. ఎలా చూసుకోవాలి?

నీలగిరి_అక్క

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా ఆయన పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్. ఆయన దగ్గర ఉన్నది ఆడ లాబ్రడార్, బాంబులు వాసన పట్టే కుక్క. రికార్డుల్లో దానికి వేరే పేరుంది, అది బయట రాయొద్దన్నారు. ఇంట్లో మేం బంగారి అంటాం. దానికిప్పుడు తొమ్మిదిన్నరేళ్ళు. ఇంకో రెండు నెలల్లో రిటైర్ చేస్తారు. రిటైరయ్యాక మనమే తెచ్చుకుందామని ఆయన ఎప్పుడో అనుకున్నారు, పై సార్లు కూడా సరే అన్నారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బంగారి స్థానంలో ఇచ్చే కొత్త కుక్కపిల్లను తీసుకుని ఆయన మొయినాబాద్ అకాడమీకి ట్రైనింగ్‌కు పోవాలి. ఎనిమిది నెలలు అక్కడే. అంటే బంగారి మా ఇంటికి వచ్చిన వారం పది రోజులకే దానికి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇంట్లో ఉండరు. నేను, మా అత్తమ్మ, ఆరో తరగతి చదివే పాప ఉంటాం. మా ముగ్గురిలో దానికి కాస్త తెలిసింది నేనే. అదీ ఆగస్టు పదిహేనుకూ జనవరి ఇరవై ఆరుకూ పరేడ్ గ్రౌండ్‌లో చూసిన పరిచయం.

ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో పొద్దు బంగారి మీదే నడుస్తోంది. ఆయన తెల్లవారి నాలుగున్నరకు లేచి, స్క్వాడ్ కుక్కలుండే కెనెల్‌కు పోతారు. దాన్ని నడిపించి, ఒళ్ళు దువ్వి, ప్రాక్టీసు చేయించి, తిండి పెట్టి, అప్పుడు ఇంటికొచ్చి టిఫిన్ చేస్తారు. మా చెల్లెలి పెళ్ళికి ఒక్క పూట వచ్చి వెళ్ళిపోయారు, వేరేవాళ్ళు పెడితే అది సరిగ్గా తినదని. పాపకు డెంగీ వచ్చి హాస్పిటల్‌లో ఉన్న రాత్రి ఆయన నాగార్జునసాగర్‌లో బందోబస్తులో ఉన్నారు. అప్పట్లో నాకు ఆ కుక్క మీద కోపంగా ఉండేది. ఆ మాట దాచను.

ఆ కోపం ఈ ఏడాది మార్చిలో పోయింది. ప్రాక్టీసులో వరుసగా ఆరు బండ్లు నిలబెట్టి, ఒకదాని చక్రం వెనక పేలుడు మందు శాంపిల్ దాచారట. బంగారి దాన్ని దాటి పోయింది. నాలుగడుగులు పోయాక ఆగి, వెనక్కొచ్చి, కూర్చుంది. బాంబు కుక్క మొరగదు, గీకదు, వాసన తగిలిన చోట కదలకుండా కూర్చుంటుంది కదా. అక్కడున్నవాళ్ళకు అది కూర్చోవడమే కనిపించింది. దాటిపోయిన సంగతి మా ఆయన ఒక్కరే గమనించారు. మూడు రోజులు ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదు, ఏమైందంటే చెప్పలేదు. నాలుగో రోజు తనే పోయి ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) సార్‌కు చెప్పారు, దీన్ని ఇక బందోబస్తుకు పంపొద్దు సార్, ఒకసారి డాక్టర్‌కు చూపిద్దాం అని. ఆ రాత్రి నాకు చెప్తూ ఏడ్చారు. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆయన ఏడవగా చూడడం అది రెండోసారి. మొదటిసారి మా మామయ్య పోయినప్పుడు.

తుంటి కీళ్ళు అరిగాయని, ఎండకు తొందరగా ఆయాసపడుతోందని, ముక్కు బాగానే ఉన్నా పని మీద నిలబడే ఓపిక తగ్గిందని డాక్టర్ రాశారు.

ఇప్పుడు నా భయాలు చెప్తాను. మాది రామగిరి దగ్గర అద్దె ఇల్లు. కింద రెండు గదులు, చిన్న వాకిలి. ఓనర్‌ను ఒప్పించాం గానీ, మొరిగితే ఖాళీ చేయాలన్నారు. మా అత్తమ్మకు చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారట, ఆమెకు ఇప్పటికీ కుక్కను చూస్తే చేతులు వణుకుతాయి. నాకేమో బంగారి తిండి మానేస్తుందేమో, ఆయన కోసం వెతుక్కుని వెతుక్కుని మంచం పడుతుందేమో అని టెన్షన్. ఇట్లా తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఖర్చు గురించి కాదు, అది ఎట్లాగో చూసుకుంటాం. దాని మనసు గురించి అడుగుతున్నా.


సూర్యాపేట_టీచర్

అక్కా, మీ ఆయన చేసిన పని చదివి గౌరవం కలిగింది. కానీ ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. రెండు గదుల అద్దె ఇల్లు, భయపడే పెద్దమ్మ, బడికి పోయే పాప, ఇంటాయన ఉండరు. ఈ పరిస్థితిలో అంత పెద్ద కుక్కను తేవడం దానికీ మీకూ మంచిదేనా? కొత్త కుక్క ట్రైనింగ్ పూర్తయ్యేదాకా ఆ ఎనిమిది నెలలు దాన్ని కెనెల్‌లోనే ఉంచి, తేలిక డ్యూటీలు చేయించవచ్చు కదా? ఆయన తిరిగొచ్చాక ఇంటికి తెచ్చుకుంటే అందరికీ సులువు. కేరళలో అయితే త్రిస్సూర్ పోలీస్ అకాడమీలో రిటైర్ అయిన కుక్కల కోసం విశ్రాంతి అని ఒక కేంద్రమే ఉంది. మన దగ్గర ప్రతి ఉమ్మడి జిల్లాకు అలాంటిది ఒకటి ఉంటే మీలాంటివాళ్ళకు ఈ బెంగ ఉండేది కాదు.


పాలమూరు_పాత_హ్యాండ్లర్

చెల్లెమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో హ్యాండ్లర్‌గా చేసి రెండేళ్ళ కింద రిటైర్ అయ్యాను. రెండు కుక్కలతో పనిచేశాను, రెండూ బాంబు కుక్కలే. మొదటిదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. రెండోది నా తర్వాత ఇంకో హ్యాండ్లర్ దగ్గర ఉంది. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మీ ఆయన గురించి. ఆ నాలుగడుగుల సంగతి ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇంకో ఏడాది నడిచిపోయేది. తన కుక్క ఇక చాలు అని హ్యాండ్లర్ నోటితో చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేను చెప్పలేకపోయాను. నా కుక్క విషయంలో డాక్టరే చెప్పాల్సి వచ్చింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళ మీద పెట్టిన రెండు బాంబులు పేలాక, నెలల తరబడి మేం మహబూబ్‌నగర్ బస్టాండు, రైల్వే స్టేషన్ రోజూ తనిఖీ చేశాం. ఒక్కో సైకిల్ దగ్గర నా గుండె ఎట్లా కొట్టుకునేదో ఇప్పటికీ గుర్తుంది. వంద సైకిళ్ళలో తొంభై తొమ్మిది సరిగ్గా చూసి ఒకటి వదిలేస్తే మనం చూసినట్టు కాదు. మీ ఆయనకు ఆ లెక్క తెలుసు, అందుకే చెప్పారు. ఈ మాట ఆయనకు చూపించండి.

టీచర్ గారు అడిగినదానికి. తేలిక డ్యూటీ అనేది బాంబు కుక్కకు ఉండదు సార్. మీటింగ్ చిన్నదైనా సంచి సంచే. ఎండాకాలంలో మా దిక్కు నలభై మూడు నలభై నాలుగు డిగ్రీలుంటే కుక్క నోరు తెరిచి ఒగర్చుతుంది. నోటితో గాలి పీల్చే కుక్క ముక్కుతో వాసన పట్టలేదు. వయసులో ఉన్న కుక్కనే పదిహేను ఇరవై నిమిషాలు పనిచేయించి నీడకు తీసుకుపోతాం. వయసు మళ్ళిందానికి అయిదు నిమిషాలకే ఆయాసం. డాక్టర్ గారు ముక్కు బాగుంది, ఓపిక లేదు అన్నది అదే. పోనీ స్క్వాడ్‌లో ఉన్న వేరే కుక్కను దీని పనికి వాడదామా అంటే అదీ కుదరదు. దొంగ అడుగుజాడ పట్టుకుని పోయే ట్రాకర్ వేరు, గంజాయి పట్టేది వేరు, బాంబు కుక్క వేరు. మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22న ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు చూశారు కదా. మట్టి కింద మనిషి జాడ పట్టడానికి కేరళ పోలీసుల దగ్గరి నుంచి అందుకోసమే తయారుచేసిన మాలినోయిస్ జాతి కుక్కలను తెప్పించారు. ఎవరి విద్య వారిది. మేం ఉమ్మడి జిల్లాలో ఒక కుక్కను పట్టుకుని కొల్లాపూర్ నుంచి కోస్గి దాకా తిరిగినవాళ్ళం. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక ఎక్కడికక్కడ స్క్వాడ్ కావాల్సి వచ్చింది. కాబట్టి కొత్త పిల్లను ఇచ్చినప్పుడు ఆలస్యం చేయకుండా పోవాల్సిందే.

ఇప్పుడు బంగారి సంగతి. నా మొదటి కుక్క ఆఖరి పెద్ద డ్యూటీ 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు, బీచుపల్లి ఘాట్. ఆ పన్నెండు రోజులు అయ్యాక ఇంకొన్ని నెలలకు రిటైర్ చేశారు. ఇంటికి తెచ్చాను. మంచి పరుపు వేశాను, మా ఆవిడ పాలబువ్వ కలిపి పెట్టేది. నేనేమో ఇక హాయిగా పడుకుంటుంది అనుకున్నా. అది పడుకోలేదు. తెల్లవారి అయిదింటికి గేటు దగ్గర కూర్చునేది. బయట జీపు చప్పుడైతే లేచి నిలబడేది, తోక ఆడించేది, జీపు పోయాక మళ్ళీ కూర్చునేది. చాలా రోజులు ఇట్లాగే. నేను కొత్త కుక్కతో డ్యూటీకి పోయేటప్పుడు అది నా వెంట గేటు దాకా వచ్చి, పట్టీ నోట కరుచుకుని నిలబడింది ఒక రోజు. ఆ చూపు నేను మరిచిపోను. దానికి కావాల్సింది పరుపు కాదని అప్పుడు తెలిసింది.

దీపావళికి వారం ముందు ఒక సంగతి జరిగింది. సాయంత్రం నడిపిస్తుంటే పక్కింటి మెట్ల కింద అర దగ్గర ఆగింది, కూర్చుంది. లాగితే రాదు. తలుపు వైపే చూస్తూ ఉంది. నా ఒళ్ళు చల్లబడింది. తీరా చూస్తే వాళ్ళ పిల్లలకు తెచ్చిన పటాకుల డబ్బా. అందులో ఉండేది పేలుడు మందే కదా, అది నేర్చుకున్న వాసనల్లో ఒకటి. మా ఆవిడ అదిలించబోయింది, నేను ఆపాను. ఇంట్లోకి ఉరికి, డ్యూటీలో వాసన పట్టినప్పుడు మెచ్చి ఇచ్చే దాని పాత బంతి తెచ్చి ఇచ్చాను. ఎన్ని నెలల తర్వాతో ఆ బంతి నోట్లో పెట్టుకుని వీధి మధ్యలో గుండ్రంగా తిరిగింది. ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయింది. తెల్లారి అయిదింటికి గేటు దగ్గర లేదు.

అప్పటి నుంచి రోజూ దానికి పని చెప్పాను. పెద్ద పనేం కాదు. బంతిని బీరువా వెనకో, కట్టెల మోపులోనో దాచి వెతకమనడం, దొరికితే మెచ్చుకోవడం. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. మూడేళ్ళు బతికింది. ఆఖరి నెలలో నడవలేకపోతే పడుకున్న చోటికే మూడు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద బంతి పెట్టేవాణ్ణి.

మీకు రెండు నెలలు ఉంది, అది చాలా మంచి సంగతి. సార్ల అనుమతి తీసుకుని ఈ రెండు నెలల్లో వారానికి మూడు నాలుగు రోజులు మీరు కెనెల్‌కు పోండి. మొదటి వారం దాని వైపు చూడొద్దు, పిలవొద్దు, మీ ఆయన పక్కన ఊరికే నిలబడండి. తర్వాత తిండి గిన్నె ఆయన కలిపి మీ చేతికివ్వాలి, మీరు పెట్టాలి. ఆ తర్వాత పట్టీ ఇద్దరూ కలిసి పట్టుకోవాలి. ఆఖరికి ఆయన వెనక నడవాలి, మీరు ముందు. ఆయన వాడే మాటలు, సిట్, స్టే, హీల్ ఏవైతే అవి, అదే గొంతులో, అదే చెయ్యి సైగతో నేర్చుకోండి. పాపకు కూడా నేర్పండి. ముద్దుగా కొత్త మాటలు చెప్తే దానికి అర్థం కాదు, అర్థం కాకపోతే తనే తప్పు చేశానని నలిగిపోతుంది.

ఆయన పోయే ముందు రెండు మూడు రోజులు వేసుకున్న చొక్కా ఒకటి ఉతకకుండా దాని పడక మీద వేయండి. ఆయన ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టకండి. గొంతు వినిపించి మనిషి కనిపించకపోతే ఇల్లంతా వెతుకుతుంది. ట్రైనింగ్ మధ్యలో ఆయన ఇంటికొచ్చినప్పుడు ఒంటి నిండా కొత్త పిల్ల వాసన ఉంటుంది. గేటు బయటే నిలబడి, దాన్ని తనివితీరా వాసన చూడనివ్వాలి. హడావిడిగా లోపలికి రాకూడదు.

ఇంకొక్క మాట, ఇది మీ ఆయనకు. నేను రెండో కుక్కకు చాలా అన్యాయం చేశాను. మొదటిది గాలి వాలు చూసుకుని నిదానంగా వెతికేది. రెండోది ఉరుకులు పరుగుల మీద వెతికేది. అది దాని తీరు. నేనేమో ప్రతిదానికీ మొదటిదానితో పోల్చి ఆపేవాణ్ణి, వెనక్కి లాగేవాణ్ణి. నాలుగు నెలలకు అది వాసన తగిలినా కూర్చోకుండా నా మొహం చూడడం మొదలుపెట్టింది. నా ఇన్‌స్ట్రక్టర్ పక్కకు పిలిచి, నీ పట్టీ చివర ఉన్నది ఏ కుక్కనో నీకు తెలుసా అని అడిగాడు. సిగ్గేసింది. బంగారి ఇంట్లో బెంగ పెట్టుకుందని మీరు రోజూ ఫోన్‌లో చెప్తే అక్కడ ఆయన చేతిలో ఉన్న కొత్త కుక్కపిల్ల దెబ్బతింటుంది. వారానికి ఒకసారి చెప్పండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, రోజూ వద్దు.

అప్పగింత కాగితం, టీకాల కార్డు, ఇన్నేళ్ళ వైద్యం రాసిన హిస్టరీ షీటు కాపీ, ఈ మూడూ చేతికి వచ్చాకే ఇంటికి తెచ్చుకోండి.


దేవరకొండ_బిడ్డ

అక్కా, మా నాన్న కూడా హ్యాండ్లరే. ఇప్పుడు లేరు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన కుక్క రిటైర్ అయింది, జర్మన్ షెపర్డ్, ట్రాకర్. మాకు అప్పుడు ఇల్లు సరిగ్గా లేదు, అక్క పెళ్ళి అప్పు ఉంది. ఎవరో ఫాంహౌస్ ఆయన నేను చూసుకుంటా అంటే ఇచ్చారు. ఎకరాల తోట, పెద్ద షెడ్డు. నాన్న చాలా సంతోషించారు, ఇంక రాజాలా బతుకుతుంది అన్నారు.

రెండు నెలలకు నాన్న చూడడానికి పోయారు. షెడ్డు స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉందట. కాపలాకు తెచ్చుకున్నాం, రాత్రి మొరగట్లేదు అని ఆ మనిషి నాన్నతోనే గొడవపడ్డాడట. పోలీసు కుక్క ఊరికే మొరగదు కదక్కా, అది నేర్చుకున్న పనే అది కాదు. నాన్న వెనక్కి ఇమ్మంటే ఇయ్యలేదు. ఏ కాగితం లేదు మా దగ్గర. ఆ వానాకాలంలో చనిపోయిందని కబురొచ్చింది, ఎట్లా చనిపోయిందో చెప్పలేదు.

నాన్న తర్వాత ఎనిమిదేళ్ళు బతికారు. దాని పేరు మళ్ళీ ఇంట్లో ఎత్తలేదు. ఆయన పోయాక ట్రంకు పెట్టె తీస్తే దాని పట్టీ దొరికింది, నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.

ఇల్లు చిన్నదని ఆలోచించకండి. సూర్యాపేట సార్ మంచి మనసుతోనే చెప్పారు, కానీ చిన్న ఇంట్లో మనుషుల మధ్య ఉన్న కుక్కకు ఎకరాల తోట అక్కర్లేదు.


మిర్యాలగూడ_పశువైద్యుడు

అమ్మా, పాత హ్యాండ్లర్ గారు మనసు గురించి చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు. ఒంటి గురించి కొన్ని చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. దానికి గర్భసంచి తీసే ఆపరేషన్ అయిందా? హిస్టరీ షీటులో చూడండి. కాకపోతే జాగ్రత్త. వయసు మళ్ళిన ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్ళిన నెల రెండు నెలల్లో గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంది. గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగడం, తిండి మానడం, నీరసం, ఒక్కోసారి కింద నుంచి చీము కారడం. చీము బయటికి రాకుండా లోపలే ఉండిపోతే ఇంకా ప్రమాదం. మీరు దాని తిండి మానడాన్ని బెంగ అనుకుని నాలుగు రోజులు ఊరుకునే వీలుంది, నా భయం అదే. బెంగ పెట్టుకున్న కుక్క మామూలుగా నీళ్ళు ఎక్కువ తాగదు. తిండి మానేసి నీళ్ళు ఎక్కువ తాగుతుంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. మందులతో చూద్దామని కాలయాపన చేసే జబ్బు కాదు, చాలాసార్లు వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. రక్తపరీక్షలు బాగుంటే ముందే ఆపరేషన్ చేయించే విషయం మీ డాక్టర్‌తో మాట్లాడండి.

తుంటి కీళ్ళు అరిగాయన్నారు. మీ ఇంట్లో టైల్స్ లేదా గ్రానైట్ ఉంటే అదే దానికి శత్రువు. కాళ్ళు జారి, లేవలేక, భయంతో ఒకే మూల పడి ఉంటుంది. కొత్త మ్యాట్లు కొనక్కర్లేదు, గోనె సంచులు ఉతికి, అది నడిచే దారిలో వేసి అంచులు అంటించండి. తిండి గిన్నెను పీట మీద పెట్టండి. గోళ్ళు పెరగనివ్వొద్దు. బరువు అసలు పెరగకూడదు. డ్యూటీలో ఉన్నప్పటి తిండి అంతే పెడితే ఆర్నెల్లలో నాలుగైదు కిలోలు ఎక్కుతుంది, లాబ్రడార్‌కు అది మరీ సులువు. పావు వంతు తగ్గించి మొదలుపెట్టి, నెలనెలా తూకం వేయించండి. పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేత్తో నిమిరితే తగలాలి.

కుంటుతోందని మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయడం నేను వారానికి ఒకటైనా చూస్తున్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా వేయొద్దు. కుక్కలకు వేరే మందులున్నాయి, అవి కూడా రక్తపరీక్ష చేశాకే. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆవిడ మాత్రలు అందని ఎత్తులో పెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన ఎముకలు పెట్టొద్దు. పాపకు ఇది గట్టిగా చెప్పండి, పిల్లలు ప్రేమతోనే పెడతారు.

కళ్ళలో నీలంగా పొర కనిపిస్తే కంగారు పడకండి. ఈ వయసులో చాలా కుక్కలకు వస్తుంది, దానితో చూపు పెద్దగా పోదు. తెల్లగా పాలలా కనిపిస్తే శుక్లం, అప్పుడు చూపించండి. పిడుదులు మాత్రం రోజూ చెవుల వెనక, కాలి వేళ్ళ సందుల్లో వెతకండి. జ్వరం వచ్చి చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా పిడుదు జ్వరం అయ్యుండొచ్చు. కుక్కకు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే, కాబట్టి చేత్తో పట్టుకుని చూసి జ్వరం అనుకోవద్దు, థర్మామీటర్ వాడండి.

ఎండాకాలంలో నడక పొద్దున ఆరు లోపల, రాత్రి ఏడు తర్వాత. రోడ్డు మీద మీ అరచేయి వెనక భాగం పెట్టి చూడండి. మీరు ఏడు సెకండ్లు ఉంచలేకపోతే అది నడవలేదు.


నీలగిరి_అక్క

అందరికీ చేతులెత్తి నమస్కారం. నేను ప్రశ్న రాసి మూడు నెలలవుతోంది. అడిగి ఊరుకున్నదని అనుకోవద్దని రాస్తున్నా.

రెండు నెలలూ కెనెల్‌కు పోయాను, అన్నయ్య చెప్పినట్టే. మొదటి వారం చూడకుండా నిలబడడం చాలా కష్టమైంది. మూడో వారంలో నా చేతి నుంచి తిన్నది. డాక్టర్ గారూ, మీ ప్రశ్నకు జవాబు: ఆపరేషన్ కాలేదు. రక్తపరీక్షలు చేయించి, ఇంటికి తెచ్చే ముందే చేయించాం. కుట్లు మానాయి.

రిటైర్మెంట్ రోజు సార్లు దండ వేసి, శాలువా కప్పారు. మా ఆయన శాలువా సర్దుతూ దాని చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారని నేను అడగలేదు. దేవరకొండ తమ్ముడూ, ఆ రోజు నువ్వు రాసిన పట్టీ గుర్తొచ్చి నేను అప్పగింత కాగితాన్ని మూడు జిరాక్సులు తీయించాను.

ఆయన పోయి పదహారు రోజులు. మొదటి రెండు రోజులు తినలేదు, నీళ్ళు మామూలుగానే తాగింది, అందుకే కొంచెం ధైర్యంగా ఉన్నా. మూడో రోజు సాయంత్రం తిన్నది. తెల్లవారి అయిదింటికి గేటు దగ్గర కూర్చోవడం ఇప్పటికీ ఉంది. నేను కూడా లేచి చాయ్ గ్లాసు పట్టుకుని దాని పక్కన మెట్టు మీద కూర్చుంటున్నా. ఆయన ఎనిమిదేళ్ళు ఆ టైమ్‌కు ఏం చూశారో నాకిప్పుడు తెలుస్తోంది. ఒక్కసారి కూడా మొరగలేదు. పై ఇంటి ఓనరమ్మ నిన్న రొట్టె ముక్క తెచ్చి, పెట్టొచ్చా అని నన్ను అడిగింది.

అత్తమ్మ మొదటి వారం మంచం దిగలేదు. బంగారి కూడా ఆమె గది గడప దాటలేదు, ఎవరు చెప్పారో మరి దానికి. మొన్న నేను బంతిని బియ్యం డ్రమ్ము వెనక దాచి, పాపకు జడ వేస్తూ ధ్యాసలో పడ్డాను. బంగారి వెతికి డ్రమ్ము దగ్గర కూర్చుని ఎదురు చూస్తోంది. నేను చూడలేదు. వంటింట్లోంచి అత్తమ్మ కేక, "ఓ పిల్లా, ఇది కూసున్నది. ఎంతసేపు కూసోబెడతవ్ దాన్ని, బంతియ్యరాదూ." నేను పోయేసరికి ఆమె గోడ పట్టుకుని వంగి, బంతి తీసి కాలితో దాని వైపు నెడుతోంది. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

గోనె సంచులు వంటింటి దాకా వేశాను గానీ బాత్రూమ్ ముందు తడికి ఇంకా జారుతోంది, దానికి ఏదైనా ఉపాయం ఉంటే డాక్టర్ గారు చెప్పండి. ఆదివారం ఆయన మొదటిసారి ఇంటికొస్తున్నారు. కొత్త పిల్ల ఉరుకుల పిల్లేనట, పాత అన్నయ్య రెండో కుక్కలాగా. ఆయనకు మీరు రాసింది మళ్ళీ ఒకసారి చదివి వినిపించాను. గేటు బయటే నిలబడమన్నాను.